అరణ్యమిత్రుడు జిమ్ కార్బెట్

హిమాలయ పర్వతములు దిగివచ్చి మైదానములతో కలియు చోట, ఉత్తరాఖండ రాష్ట్రమున, రామగంగ యను నది ప్రవహించుచున్నది. ఆ నదికి ఇరుప్రక్కల సాలవృక్షములతో నిండిన దట్టమైన అడవి కలదు. పెద్దపులులను చూడగోరి దేశదేశములనుండి యాత్రికులు ఆ యడవికి వత్తురు. వన్యమృగముల రక్షణకై మన దేశమున ఏర్పడిన మొదటి జాతీయోద్యానము అదియే. దానికి ఒక వేటగాని పేరు పెట్టబడినది. పులులను చంపిన వాని పేరు పులులను కాపాడు వనమునకు పెట్టుట వింతగా తోచవచ్చును. ఆ వేటగాని జీవితమును తెలిసికొన్నచో ఆ వింత తొలగిపోవును. ఆయనయే జిమ్ కార్బెట్.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన నైనితాల్ పట్టణమున జన్మించెను. ఇంటివారు అతనిని జిమ్ అని పిలిచెడివారు. వారిది ఐర్లండు దేశమునుండి వచ్చి భారతదేశమున స్థిరపడిన కుటుంబము. తండ్రి క్రిస్టఫర్ కార్బెట్ నైనితాల్‌లో పోస్టుమాస్టరు. 1881లో ఆయన మరణించెను. అప్పటికి జిమ్‌కు ఆరేండ్లయినను నిండలేదు. పెద్ద కుటుంబమును పోషించు భారము తల్లియైన మేరీ జేన్‌పై పడెను. ఆమె ధైర్యము వీడక, నైనితాల్‌లో ఇండ్లను అద్దెలకు కుదుర్చు వ్యవహారము నడపి పిల్లలను పెంచెను. జిమ్ అన్నగారైన టామ్ తండ్రి చేసిన ఉద్యోగమునే చేపట్టి ఆమెకు చేదోడు వాదోడుగా నిలిచెను.

నైనితాల్ కొండమీది పట్టణము. శీతకాలమున అచ్చట చలి దుర్భరముగా నుండును. కావున కార్బెట్ కుటుంబము ఏటేట కొండ దిగి కాలాధుంగీ యను గ్రామమునకు వచ్చి నివసించెడిది. ఆ గ్రామము అడవి యంచున నున్నది. జిమ్‌కు ఆ యడవి రెండవ పాఠశాల యయ్యెను. మొదట ఉండేలు, పిదప విల్లు, ఆ పిమ్మట ఒక పాత తుపాకి అతని చేతికి వచ్చెను. ఆ తుపాకికి రెండు గొట్టములుండెను గాని అందొకటి పగిలిపోయినది. దానిని తీగతో చుట్టి కట్టవలసి వచ్చెను. అట్టి తుపాకితోనే ఆ బాలుడు ఒంటరిగా అడవిలో తిరిగి, గురి తప్పకుండ కాల్చుటయు, మందును వృథా చేయకుండుటయు నేర్చుకొనెను.

కున్వర్ సింగ్ అను ఒక గ్రామపెద్ద ఆ బాలునికి అడవి విద్యలను బోధించెను. అడవిలో ప్రతి ప్రాణికిని ఒక భాష కలదు. పులి కదలినప్పుడు చెట్టుమీది కొండముచ్చు హెచ్చరిక చేయును. చుక్కలదుప్పి యొక విధముగా కూయును. కణితి వేరొక విధముగా అరచును. నెమళ్లు, అడవికోళ్లు తమ రీతిని తాము చాటును. ఆ కూతలను విన్నవాడు పులిని చూడకయే అది యున్న తావును, పోవుచున్న దిక్కును చెప్పగలడు. నేలమీది అడుగుజాడలను పరిశీలించి, నడచినది ఆడుపులియో మగపులియో, ఎంత సేపటి క్రిందట నడచెనో గ్రహింపవచ్చును. జిమ్ ఈ విద్యలన్నియు నేర్చెను. పక్షుల కూతలను, మృగముల అరపులను అచ్చముగా అనుకరించుటయు అభ్యసించెను. ఈ విద్యయే తరువాత అనేక పర్యాయములు ఆయన ప్రాణములను కాపాడినది.

కుటుంబమునకు సాయపడవలెనని జిమ్ చిన్నవయస్సుననే చదువు చాలించి బెంగాల్ నార్త్ వెస్టరన్ రైల్వేలో ఉద్యోగమున చేరెను. పొగబండి యింజనులకు కావలసిన కట్టెల కొరకు అడవులలో చెట్లు కొట్టించుట ఆయన మొదటి పని. పిమ్మట గంగానదీ తీరమున, బీహారులోని మొకామా ఘాట్ వద్ద సరకుల మార్పిడి గుత్తను ఆయన స్వీకరించెను. ఒక రైలు బండినుండి సరకులను దింపి, నదిని దాటించి, వేరొక బండిలోనికి ఎక్కించు శ్రమతో కూడిన పని యది. ఆ పనిలో ఆయన ఇరువది యేండ్లకు పైగా గడపెను. తొలి నెలలలో రైల్వేనుండి రావలసిన సొమ్ము అందలేదు. అయినను కూలీలు ఆయనను విడిచి పోలేదు. ఆయనయు పార చేతబట్టి వారితో సమానముగా పనిచేసెను. వారితోపాటు అర్ధాకలితో దినములు గడపెను.

కూలీల బిడ్డలకు చదువు లేకుండుట చూచి, స్టేషను మాస్టరు రామ్ శరణ్‌తో కలిసి కార్బెట్ అచ్చటనే ఒక పాఠశాలను నెలకొల్పెను. వేర్వేరు కులముల పిల్లలు ఒకే గుడిసెలో కూర్చుండరాదని ఆ కాలమున పట్టుదల యుండెడిది. కాని గోడలు లేని పందిరి క్రింద కూర్చుండుటకు అభ్యంతరము లేదు. రామ్ శరణ్ ఆ గుడిసె గోడలను తొలగింపజేసెను. పిల్లలందరును ఒకే కప్పు క్రింద చదువుకొనిరి.

ఈ ఉద్యోగములో నున్న కాలముననే కార్బెట్‌కు కుమాయూన్ కొండలనుండి ఒక పిలుపు వచ్చెను. అది 1907వ సంవత్సరము. చంపావత్ ప్రాంతమున ఒక ఆడుపులి మనుష్యులను తినుచుండెను. అది తొలుత నేపాళమున 200 మందిని చంపినది. అచ్చటివారు ఆయుధములతో తరుమగా కుమాయూన్‌లో ప్రవేశించి నాలుగేండ్లలో మరి 234 మందిని పొట్టనబెట్టుకొనెను. కట్టెలకును గడ్డికిని అడవికి పోక తప్పని పేదస్త్రీలు దాని వాతబడుచుండిరి. ప్రభుత్వము బహుమానములు ప్రకటించెను, వేటగాండ్రను పంపెను, ఫలితము లేకపోయెను.

కార్బెట్ ఆ పులిని వేటాడుటకు అంగీకరించెను గాని రెండు నియమములు పెట్టెను. పులి తలకు ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెను. తక్కిన వేటగాండ్రను అడవినుండి వెనుకకు పిలువవలెను. ధనము కొరకు వేటాడువాడను పేరు ఆయనకు సమ్మతము కాదు. గుంపులో నెవరి తూటాకైనను గురియగుటయు ఇష్టము కాదు. ప్రభుత్వము అందులకు ఒప్పుకొనెను.

ఆయన పాలీ యను గ్రామమునకు చేరునప్పటికి, ఐదు దినములనుండి ఆ యూరివారు తలుపులు బిగించుకొని ఇండ్లలోనే యుండిరి. కార్బెట్ తుపాకితో కావలి నిలువగా వారు వెలుపలికి వచ్చి పొలముల పని చేసికొనిరి. కొలది దినములకు చంపావత్ సమీపమున ఆ పులి ఒక బాలికను ఎత్తుకొనిపోయెను. కార్బెట్ నెత్తుటి జాడను పట్టి లోయలోనికి దిగెను. మరునాడు చంపావత్ తహసీలుదారు చుట్టుప్రక్కల గ్రామములనుండి దాదాపు 300 మందిని కూడగట్టెను. వారు కొండమీద నిలిచి డప్పులు మ్రోగించుచు, కేకలు వేయుచు, రాళ్లు దొరలించుచు పులిని లోయలోనుండి వెడలించిరి. కార్బెట్ కాల్చిన తూటాలు పులికి తగిలెను గాని అది పడలేదు. ఆయనయొద్ద తెచ్చుకొన్న తూటాలు అయిపోయెను. గాయపడిన పులి ఎదుట నుండగా, ఆయన పరుగెత్తి తహసీలుదారు చేతిలోని తుపాకిని తీసికొని వచ్చి దానిని కాల్చెను. పులి ఒరిగిపోయెను. దానితో 436 మంది ప్రాణములను బలిగొన్న ఆపద తీరెను.

ఆ వేటకు ముందు ఒక గ్రామమున కార్బెట్ ఒక స్త్రీని చూచియుండెను. ఏడాది క్రిందట ఆమె కన్నుల యెదుటనే పులి ఆమె సోదరిని ఎత్తుకొనిపోయెను. నాటినుండి ఆమెకు మాట పడిపోయెను. తిరుగుదారిలో కార్బెట్ ఆ యూరికి పోయి పులి చర్మమును ఆమె యెదుట పరచెను. దానిని చూచినంతనే ఆమె నోట మాట వచ్చెను. భర్తను, ఊరివారిని పిలుచుచు ఆమె వీథిలో పరుగెత్తెను.

అయితే ఆ చచ్చిన పులిని పరిశీలించినప్పుడు కార్బెట్‌కు వేరొక సత్యము గోచరించెను. దాని కుడివైపు కోరపండ్లు రెండును విరిగియుండెను. మీదిది సగమునకు విరిగినది. క్రిందిది ఎముకవరకు పోయినది. ఎన్నడో ఎవడో కాల్చిన తూటా చేసిన పని యది. కోరలు పోయిన పులి దుప్పిని, కణితిని పట్టి చంపలేదు. ఆకలికి తాళలేక అది బలహీనుడైన మనుష్యునిపై పడినది. ఒక వేటగాడు గురి చూడక కాల్చి, గాయపడిన మృగమును వెదకక పోయిన పాపమునకు, వందలాది నిరపరాధులు ప్రాణములను చెల్లించిరి.

ఆ తరువాత చంపిన నరభక్షక మృగములలో గూడ ఇట్టి కారణములనే కార్బెట్ కనుగొనెను. ముక్తేశ్వర్ ప్రాంతపు ఆడుపులి ఏదుపందితో పోరాడి ఒక కంటిని పోగొట్టుకొనెను. దాని శరీరమున సుమారు ఏబది ఏదుముళ్లు విరిగి నాటుకొనియుండెను. గాయమో, వార్ధక్యమో పులిని నరభక్షకిగా మార్చును గాని, పులికి మనుష్యుడు సహజమైన ఆహారము కాదని ఆయన నిశ్చయించెను. ఆరోగ్యముగా నున్న పులి మనుష్యుని చూచినచో తొలగిపోవును. చిరుతపులుల విషయమున వేరొక కారణము కలదు. అంటురోగములు ప్రబలినప్పుడు కొండప్రజలు శవములను దహింపలేక లోయలలోనికి త్రోసివేయుట కలదు. ఆ శవములను తినిన చిరుతలు మనుష్యమాంసమునకు అలవాటుపడును.

రుద్రప్రయాగ చిరుత అట్టిదే. 1918వ సంవత్సరమున దేశమంతట విషజ్వరము వ్యాపించిన పిమ్మట అది నరభక్షకియై, ఎనిమిదేండ్లలో 125 మందిని చంపెను. కేదారనాథ బదరీనాథములకు పోవు యాత్రికుల మార్గమే దాని సంచారభూమి. ప్రొద్దు గ్రుంకినదనగా ఆ ప్రాంతమున మనుష్యుడు వెలుపల కనబడెడివాడు కాడు. కార్బెట్ 1925లోను, 1926లోను దానిని వెంటాడెను. అలకనందపై నున్న వంతెన గోపురముమీద ఇరువది రాత్రులు చలిలో జాగరణము చేసెను. కడపట 1926 మే నెలలో, యాత్రికుల బాటప్రక్కన ఒక మామిడిచెట్టుపై కూర్చుండి, క్రింద కట్టిన మేక మెడలోని గంట చప్పుడును ఆధారముగా గొని, చీకటిలో దానిని కాల్చి చంపెను.

ఈ వేటలకు కార్బెట్ ప్రతిఫలము కోరలేదు. 1917లో ఆయన 500 మంది కుమాయూన్ వాసులను కూడగట్టి ప్రపంచ యుద్ధమున సేవకై ఫ్రాన్సు దేశమునకు తీసికొనిపోయెను. కాలాధుంగీ సమీపమున ఛోటీ హల్ద్వానీ అను గ్రామమును కొని, రైతులకు భూములిచ్చి, పంటలను అడవిపందులనుండి కాపాడుటకు ఊరిచుట్టు రాతిగోడ కట్టించెను. ఆయన వివాహము చేసికొనలేదు. అక్కయైన మ్యాగీతో కలిసి జీవించెను. గ్రామీణులు ఆయన పేరును తమ నోటికి అనువుగా మార్చుకొని కార్పెట్ సాహెబ్ అని పిలిచెడివారు.

కార్బెట్ చంపినవన్నియు నరభక్షకములే యని చెప్పరాదు. ఆ కాలపు దొరలవలె ఆయనయు వినోదమునకై వేటాడినవాడే. 1930లో పొవాల్‌గఢ్ అడవిలోని ఒక మహావ్యాఘ్రమును ఆయన కాల్చెను. అది ఎవరికిని హాని చేసినది కాదు; తన పరిమాణము చేతనే ప్రసిద్ధి కెక్కినది. కాని రానురాను ఆయన మనస్సు మారెను. బాల్యమున పులుల కూతలతో నిండిన అడవులు మూగబోవుచుండెను. ఒకవైపు చెట్లు కూలుచుండెను; వేరొకవైపు వేటగాండ్రు పెరుగుచుండిరి. ఇట్లే సాగినచో పులి భూమిపై కనబడకుండ పోవునని ఆయన గ్రహించెను.

చాంపియన్ అను అటవీశాఖాధికారి అప్పటికే పులుల ఛాయాచిత్రములు తీయుచుండెను. ఆయన మార్గమున కార్బెట్ కూడ తుపాకిని తగ్గించి కెమెరాను చేతబట్టెను. చలనచిత్రము తీయు యంత్రము చప్పుడు చేయును. ఆ చప్పుడునకు పులి బెదరిపోవును. కావున ఆయన అడవిలోని యొక చిన్న సెలయేటికి అడ్డుకట్టలు కట్టి, నీరు జలజల దుముకునట్లు చేసెను. ఆ నీటి సవ్వడిలో యంత్రపు ధ్వని వినబడలేదు. నెలల తరబడి ఓపికతో వేచియుండి, 1938లో ఆయన ఆ చోట ఏడు పులులను చిత్రించెను. తుపాకి గురికంటె కెమెరా గురికి ఎక్కువ నేర్పు కావలెనని ఆయన అనుభవము.

ఆ సంవత్సరముననే, 63 యేండ్ల వయస్సున, ఆయన తన కడపటి నరభక్షక వేటను చేసెను. థాక్ అను గ్రామమును పులి భయముచేత ప్రజలు విడిచిపోయిరి. ఒక సాయంసమయమున ఆ ఆడుపులి జతకొరకు అరచుచుండగా, కార్బెట్ మగపులివలె బదులు పలికెను. బాల్యమున నేర్చిన విద్య అప్పుడు అక్కరకు వచ్చెను. పులి ఆ పిలుపును నమ్మి మసకచీకటిలో ఎదుటికి వచ్చి ఆయన తూటాకు చిక్కెను.

అంతకు రెండేండ్లకు ముందే, 1936లో, రామగంగా తీరమున పులుల రక్షణకై హెయిలీ జాతీయోద్యానము ఏర్పడియుండెను. సంయుక్త రాష్ట్రములకు గవర్నరుగా పనిచేసిన మాల్కం హెయిలీ పేరు దానికి పెట్టబడెను. అటవీశాఖాధికారులు చిరకాలమునుండి కోరుచుండిన ఆ ఉద్యానము ఏర్పడుటకు కార్బెట్ తన అనుభవముతో తోడ్పడెను. ఆయన పాఠశాలలకు పోయి, పక్షుల కూతలను, పులి గాండ్రింపును పిల్లలకు వినిపించి, అడవిని ప్రేమింపుడని బోధించెను.

1944లో ఆయన మొదటి గ్రంథము మాన్ ఈటర్స్ ఆఫ్ కుమాయూన్ వెలువడెను. దానిని లోకమంతట చదివిరి. ఆ గ్రంథమువలన వచ్చిన ధనమును యుద్ధమున కన్నులు పోయిన భారతీయ సైనికుల సంరక్షణకు ఆయన ఇచ్చెను. 1952లో వెలువడిన మై ఇండియా యను గ్రంథమును ఈ దేశపు పేదప్రజలకు అంకితము చేసెను. మొకామా ఘాట్ కూలీలును, కుమాయూన్ రైతులును అందలి నాయకులు.

1947లో కార్బెట్ అక్కతో కూడ భారతదేశమును విడిచి ఆఫ్రికాలోని కెన్యాకు పోయి, న్యేరీ యను పట్టణమున నివసించెను. 1955 ఏప్రిల్ 19వ తేదీన అచ్చటనే మరణించెను. పిదప స్వతంత్ర భారతము ఆయన కాపాడగోరిన అడవికి ఆయన పేరే పెట్టెను. 1968లో శాస్త్రజ్ఞులు ఇండోచైనా ప్రాంతపు పులిజాతికి ఆయన పేరు చేర్చి గౌరవించిరి.

కార్బెట్ భయపడినట్లే పులుల సంఖ్య క్షీణించెను. 1972లో దేశమంతట లెక్కింపగా 1,827 పులులు మాత్రమే యున్నట్లు తేలెను. 1973 ఏప్రిల్ 1వ తేదీన, కార్బెట్ వనములోని ధికాలా యను చోట, కేంద్రప్రభుత్వము పులుల సంరక్షణ పథకమును ప్రారంభించెను. తొమ్మిది అడవులతో మొదలైన ఆ పథకములోనికి 1983లో మన నల్లమల అడవులును చేరెను. 2022వ సంవత్సరపు అంచనా ప్రకారము దేశమున 3,682 పులులు కలవు. అందు 260 కార్బెట్ వనముననే యున్నవి. మరి యే ఇతర సంరక్షణ వనమునను అన్ని పులులు లేవు.

బాలలారా! ఆ వనమును చూచు అవకాశము మీకు కలిగినచో రామనగర్ పట్టణము మీదుగా పోవలెను. అనుమతి పొంది, మార్గదర్శితో కూడి, జీపులో అడవిని ప్రవేశింపవచ్చును. నిర్ణీత స్థలములందు తప్ప బండి దిగరాదు. వానకాలమున ధికాలా భాగమును మూసియుంచుదురు. రామగంగ యొడ్డున పొడవైన మూతిగల ఘరియాల్ మొసళ్లు ఎండ కాచుకొనుచుండును. గడ్డిమైదానములలో ఏనుగుల మందలు, చుక్కలదుప్పులు మేయుచుండును. ఇంతలో చెట్టుపైనుండి కొండముచ్చు హఠాత్తుగా అరచును. దుప్పులు తలలెత్తి ఒకే దిక్కును చూచును. మార్గదర్శి బండిని ఆపి, నిశ్శబ్దముగా నుండుడని సైగ చేయును. చిన్ననాడు జిమ్ కార్బెట్ ఈ ప్రాంతపు అడవులలో నేర్చిన భాషయే యది.

నేటికిని అడవి యంచుల గ్రామములలో అప్పుడప్పుడు పులి పశువులను, మనుష్యులను చంపుచునే యున్నది. అట్టి గ్రామములలో పులిపై కోపము కలుగుట సహజము. కార్బెట్ ఆ ప్రజల కన్నీటిని తుడిచినవాడు, పులిని ద్వేషింపనివాడు. మనుష్యునికి అపాయము కలిగినప్పుడు పులికి ఎదురు నిలిచెను; పులికి అపాయము కలిగినప్పుడు మనుష్యునికి బుద్ధి చెప్పెను. చంపావత్ పులి విరిగిన కోరలు ఆయనకు నేర్పిన పాఠము ఒక్కటే. అడవికి మనము చేసిన గాయము అడవిలోనే నిలిచిపోదు. అది తిరిగి మన గడపకే వచ్చును. అడవిని చల్లగా నుండనిచ్చినచో ఊరును చల్లగా నుండును.